హార్డ్‌బాయిల్డ్ నవలల్లో హంతకుడి కోసం వెతక్కండి

ప్రశ్న: షెర్లాక్ హోమ్స్, అగాథా క్రిస్టీ, మన కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ నవలలు ఇష్టంగా చదివినవాణ్ణి. గొప్ప పుస్తకమని అందరూ అంటుంటే రేమండ్ చాండ్లర్ 'ది బిగ్ స్లీప్' మొదలుపెట్టాను. సగానికి వచ్చేసరికి ఎవరు ఎవర్ని ఎందుకు చంపుతున్నారో అర్థం కాలేదు. పైగా ఆడవాళ్ల గురించీ స్వలింగ సంపర్కుల గురించీ రాసిన తీరు చిరాకు తెప్పించింది. హార్డ్‌బాయిల్డ్, అంటే కరకు తరహా అమెరికన్, డిటెక్టివ్ నవలలంటారే, ఆ పాత పుస్తకాల్ని ఇప్పుడు చదవాలా? చదివితే ఎలా చదవాలి?

జవాబు:

చదవాలి. కానీ యుగంధర్‌ని చదివినట్టు కాదు.

సగంలో దారి తప్పారన్నారు కదా, అందులో మీ తప్పేమీ లేదు. ఆ నవల మధ్యలో నిజంగానే ఒక అతుకు ఉంది. 'ది బిగ్ స్లీప్' 1939లో వచ్చింది. అంతకు ముందు చాండ్లర్ 'బ్లాక్ మాస్క్' అనే చవక పత్రికకి కథలు రాసేవాడు. అందులో రెండిటిని, 'కిల్లర్ ఇన్ ద రెయిన్' (1935), 'ద కర్టెన్' (1936), విప్పి మళ్లీ కలిపి కుట్టి ఈ నవల చేశాడు. బ్లాక్‌మెయిల్ చేసే గైగర్ వ్యవహారం మొదటి కథలోది. రస్టీ రీగన్ అనే మనిషి ఏమైపోయాడన్నది రెండో కథలోది. గైగర్ గొడవ ఇంచుమించు సగం పుస్తకానికే తేలిపోతుంది. క్రిస్టీకి అలవాటుపడ్డ పాఠకుడికి అక్కడ కథ ముగిసినట్టు అనిపిస్తుంది, చేతిలో చూస్తే ఇంకా బోలెడు పేజీలు మిగిలి ఉంటాయి. మీరు ఆగిపోయింది బహుశా అక్కడే.

ఇంకో సంగతి చెబితే మీకు ధైర్యం వస్తుంది. ఈ నవలలో స్టెర్న్‌వుడ్ అనే డబ్బున్న కుటుంబం కారు డ్రైవర్ ఒకడు చనిపోతాడు. కారు సముద్రంలో దొరుకుతుంది. హోవర్డ్ హాక్స్ ఈ నవలని సినిమాగా తీస్తున్నప్పుడు (అది 1946లో విడుదలైంది) ఆ డ్రైవర్‌ని ఎవరు చంపారో తేల్చుకోలేక చాండ్లర్‌కే టెలిగ్రామ్ కొట్టారు. తనకీ తెలియదన్నాడాయన. రాసినవాడికే తెలియని జవాబు కోసం మీరు టెన్షన్ పడనక్కర్లేదు.

ఇది నిర్లక్ష్యం కాదా అంటే, కొంత నిర్లక్ష్యమే. కానీ దాని వెనక ఒక పద్ధతి ఉంది. ఆఖరి పేజీలు చిరిగిపోయినా చదవాలనిపించేదే మంచి మిస్టరీ అనీ, మంచి సన్నివేశాలు పుట్టించే ప్లాటే మంచి ప్లాటనీ చాండ్లర్ తర్వాత రాశాడు. బ్లాక్ మాస్క్ కథలన్నీ ఆ లెక్కలోనే పుట్టాయి. 1926 నుంచి 1936 దాకా ఆ పత్రికకి సంపాదకుడుగా ఉన్న జోసెఫ్ షా కొరుకుడుపడని చిక్కుముడుల కన్నా మనుషులకి ఎక్కువ విలువ ఇచ్చాడు. చాండ్లర్ మొదటి కథ అక్కడే 1933 డిసెంబరులో అచ్చయింది. అప్పటికి ఆయనకి 45 ఏళ్లు. ఆయిల్ కంపెనీలో పెద్ద ఉద్యోగం చేస్తూ, తాగుడు వల్ల, పనికి ఎగ్గొట్టడం వల్ల 1932లో అది పోగొట్టుకున్నాడు. ఆ మొదటి కథ రాయడానికి ఐదు నెలలు పట్టింది, చేతికొచ్చింది 180 డాలర్లు. మాటకి ఒక సెంటు చొప్పున కూలి అన్నమాట.

ఆ కూలి దగ్గరే అసలు విషయం ఉంది. హోమ్స్‌కి కేసు అంటే మెదడుకి మేత. క్రిస్టీ డిటెక్టివ్ పొయిరోకి పరువు. ఈ అమెరికన్ నవలల్లో డిటెక్టివ్‌కి కేసు అంటే ఉద్యోగం. చాండ్లర్ డిటెక్టివ్ ఫిలిప్ మార్లో రేటు రోజుకి 25 డాలర్లు, పైన ఖర్చులు. వాడికి ఆఫీసు అద్దె ఉంది, పై అధికారితో పడక ప్రాసిక్యూటర్ ఆఫీసులో ఉద్యోగం ఊడిన చరిత్ర ఉంది. కాళ్లు నొప్పి పుడతాయి, తలమీద దెబ్బలు పడతాయి, క్లయింటు అబద్ధాలు చెబుతాడు. అందుకే ఈ పుస్తకాల్లో 'ఎవరు చంపారు' అన్న ప్రశ్న పట్టుకుని కూర్చుంటే విసుగు పుడుతుంది. 'ఇక్కడ ఎవరు ఎవరి డబ్బు తింటున్నారు' అని అడుగుతూ చదివితే కథ దానంతట అదే విడిపోతుంది. పేర్లు గుర్తుండకపోతే ఒక కాగితం పెట్టుకోండి. హత్య జరిగినప్పుడు ఎవరెక్కడ ఉన్నారన్నది రాయకండి. ఒక్కో పేరు పక్కన ఆ మనిషికి డబ్బు ఎక్కడ నుంచి వస్తోందో రాసుకోండి. 'ది బిగ్ స్లీప్' ఇలా చదివితే మొదటి అధ్యాయాల్లోనే దొరికిపోతుంది. జనరల్ స్టెర్న్‌వుడ్ కొండమీద బంగళాలో ఉంటాడు. ఆ కుటుంబాన్ని కోటీశ్వరుల్ని చేసిన పాత చమురు బావులు కింద కనిపిస్తుంటాయి. వాసన తగలకుండా పైకి వచ్చేశారు గానీ కిటికీలోంచి చూస్తే ఆ బురద ఇంకా కనబడుతూనే ఉంటుందంటాడు మార్లో. ఆయిల్ కంపెనీలో పనిచేసి బయటపడ్డ మనిషి రాసిన వాక్యం అది.

ఈ 'ఉద్యోగం' చూపు చాండ్లర్ కన్నా ముందు డాషియెల్ హామెట్‌ది. ఆయనకి అది పుస్తకాల్లో నేర్చుకున్న విద్య కాదు. 1915లో పింకర్టన్ డిటెక్టివ్ ఏజెన్సీలో చేరి, మధ్యలో సైన్యానికి వెళ్లి క్షయ తెచ్చుకుని, తిరిగొచ్చి మళ్లీ అదే పని కొన్నాళ్లు చేశాడు. పింకర్టన్ మనుషులు చేసినది దొంగల్ని పట్టుకోవడం మాత్రమే కాదు. గని యజమానులు, ఫ్యాక్టరీ యజమానులు సమ్మెలు విరగ్గొట్టడానికి వాళ్లనే పెట్టుకునేవారు. హామెట్ మొదటి నవల 'రెడ్ హార్వెస్ట్' (1929) పుట్టింది ఆ అనుభవంలోంచి. పర్సన్‌విల్ అనే గనుల ఊరు, జనం నోట్లో అది పాయిజన్‌విల్. ఊరంతా ఎలిహు విల్సన్ అనే ముసలి యజమానిది. సమ్మె చేసిన కార్మికుల్ని కొట్టించడానికి అతను గూండాల్ని దింపాడు. సమ్మె విరిగింది గానీ వచ్చిన గూండాలు వెనక్కి వెళ్లలేదు, ఊరు వాళ్లదైపోయింది. మోంటానాలోని బ్యూట్ అనే రాగి గనుల పట్టణం ఈ ఊరికి మూలమంటారు. అక్కడ 1917లో ఫ్రాంక్ లిటిల్ అనే కార్మిక నాయకుణ్ణి అర్ధరాత్రి ఎత్తుకుపోయి ఉరితీశారు.

ఆ నవలలో కథ చెప్పేవాడికి పేరు లేదు. కాంటినెంటల్ ఏజెన్సీ ఉద్యోగి, పొట్టి, లావు, నడివయసు. అందగాడు కాదు, మంచివాడని కూడా ఖాయంగా చెప్పలేం. ముఠాల్ని ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పుతాడు, శవాలు లేస్తాయి, పోనుపోను ఈ చంపుడు తనకే రుచి పుడుతోందని భయపడతాడు. పై ఆఫీసుకి పంపే రిపోర్టుల్లో ఏం దాచాలో కూడా ఆలోచిస్తుంటాడు. రిపోర్టు రాసే ఉద్యోగి భాష అది: ఎవరొచ్చారు, ఏమన్నారు, ఎన్నింటికి వెళ్లారు. డైనా బ్రాండ్ అనే పాత్ర దగ్గర కాస్త నెమ్మదిగా చదవండి. ఊరి మగాళ్లంతా ఆమె కోసం పడి చస్తుంటారు. మన హీరో మొదటిసారి చూసినప్పుడు గమనించేది ఆమె మేజోడుకి పడ్డ చిరుగు. ఆమె ప్రతి సమాచారానికీ బేరమాడుతుంది, పైసా వదలదు. అయినా ఆ పుస్తకం మూసేశాక నాకు గుర్తుండిపోయిన మనిషి ఆమే. మిగతావాళ్లంతా డబ్బు గురించి అబద్ధాలు చెబుతారు, ఆమె చెప్పదు.

హామెట్‌తో ఇప్పటి పాఠకుడికి వచ్చే ఇబ్బంది వేరు. మనం ఇప్పుడు చదివే నవలల్లో పాత్ర మనసులో ఏముందో రచయిత చెబుతూనే ఉంటాడు. 'ది మాల్టీస్ ఫాల్కన్' (1930)లో అలాంటి మాట ఒక్కసారి కూడా ఉండదు. అందులో డిటెక్టివ్ సామ్ స్పేడ్. అతను ఏమనుకున్నాడో రచయిత ఎక్కడా చెప్పడు, ఏం చేశాడన్నదే చెబుతాడు. రెండో అధ్యాయం చూడండి. అర్ధరాత్రి చీకట్లో ఫోన్ మోగుతుంది. మనకి స్పేడ్ వైపు మాటలే వినిపిస్తాయి, నాలుగైదు ముక్కలు. వాడి భాగస్వామి మైల్స్ ఆర్చర్‌ని ఎవరో కాల్చేశారు. స్పేడ్ ఫోన్ పెట్టేసి సిగరెట్ చుట్టుకుంటాడు. పొగాకు కాగితంలోకి ఎలా పోశాడు, వేళ్లతో ఎలా సర్దాడు, అంచు ఎలా మడిచాడు, నాలికతో ఎలా తడిపాడు, ఒక పేరా పొడుగునా అదే. దుఃఖం గురించి ఒక్క మాట లేదు. మర్నాడు ఆఫీసు తలుపుమీద ఆర్చర్ పేరు తీసేయించమని సెక్రటరీకి చెబుతాడు. ఆర్చర్ భార్యతో వీడికి సంబంధం ఉందని మనకి అప్పటికే తెలిసిపోతుంది.

వీడు రాతిగుండె మనిషా, లేక లోపల ఏదో మరుగుతుంటే చేతులకి పని కల్పించుకున్నాడా? పుస్తకం చివరిదాకా ఆ ప్రశ్న అలాగే ఉంటుంది. కథలో అందరూ వెతికే ఆ ఫాల్కన్, అంటే డేగ బొమ్మ, ఎవరి దగ్గర ఉందన్నదానికన్నా ఇదే పెద్ద మిస్టరీ. ఏడో అధ్యాయంలో స్పేడ్ ఉన్నట్టుండి, కథతో ఏ సంబంధం లేకుండా, ఫ్లిట్‌క్రాఫ్ట్ అనే మనిషి గురించి చెబుతాడు. రోడ్డుమీద నడుస్తుంటే పైనుంచి ఇనుప దూలం పడి వెంట్రుకవాసిలో చావు తప్పిన ఆ మనిషి, భార్యాపిల్లల్ని వదిలేసి మాయమవుతాడు. కొన్నేళ్ల తర్వాత వేరే ఊళ్లో అచ్చం అలాంటి సంసారమే మళ్లీ చేసుకుంటూ దొరుకుతాడు. మొదటిసారి చదివేవాళ్లు ఇదేమిటీ అని పేజీలు తిప్పేస్తారు. తిప్పకండి. స్పేడ్ తన గురించి తాను చెప్పుకునేది ఆ రెండు మూడు పేజీల్లోనే.

హామెట్ ఇంగ్లీషు తేలిక కూడా. చిన్న వాక్యాలు, వాడుక మాటలు. ముఠాల యాస కొంత తగులుతుంది, దానికి నిఘంటువు వెతకొద్దు, సందర్భమే చెప్పేస్తుంది. చాండ్లర్ భాష చిక్కన. ఈయన షికాగోలో పుట్టినా చదువు ఇంగ్లండులో, లాటిన్ గ్రీకు నేర్పే బడిలో. అమెరికన్ ఇంగ్లీషుని పరాయి భాషలా నేర్చుకోవాల్సి వచ్చిందని ఆయనే అన్నాడు. బయటనుంచి వచ్చి నేర్చుకున్నవాడికుండే మోజు ఆయన ఉపమానాల్లో కనిపిస్తుంది. ఒక భారీ శరీరం మనిషి రంగురంగుల బట్టలేసుకుని రోడ్డుమీద నిలబడితే, కేకు ముక్కమీద విషపు సాలీడులా ఎవరి కంటా పడకుండా ఉన్నాడంటాడు. తర్వాత అందరూ దీన్ని కాపీ కొట్టి, హాస్య కార్యక్రమాల్లో వెక్కిరించి అరగదీశారు కాబట్టి ఇప్పుడు అసలుది చదువుతున్నా నకలు చదివినట్టు ఉంటుంది. దానికి మందు ఒక్కటే, రోజుకి రెండు మూడు అధ్యాయాలకన్నా ఎక్కువ చదవకండి. ఆయన అధ్యాయాలు పొట్టివి, ఒక్కోటి ఒక్కో సన్నివేశం. గబగబా లాగిస్తే ఉపమానాలు మొహం మొత్తుతాయి.

పోలీసులూ రాజకీయ నాయకులూ ఇంత కుళ్లిపోయి ఉంటారా, ఇది అతిశయోక్తి కదా అని కొందరంటారు. 1938 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో హ్యారీ రేమండ్ అనే ప్రైవేట్ డిటెక్టివ్ నగర పాలకుల అవినీతి తవ్వుతుంటే అతని కారులో బాంబు పేలింది. ఒళ్లంతా ముక్కలు గుచ్చుకున్నా బతికాడు. ఆ బాంబు కేసులో శిక్షపడింది ఎవరికనుకున్నారు? పోలీసు శాఖలోనే కెప్టెన్‌గా ఉన్న ఎర్ల్ కైనెట్‌కి. అదే సంవత్సరం జనం ఓటేసి మేయర్ ఫ్రాంక్ షాని పదవిలోంచి దించేశారు. మరుసటి ఏడు మొదట్లోనే మార్లో మొదటి నవల వచ్చింది. 'ఫేర్‌వెల్, మై లవ్లీ' (1940)లో తీరానికి దూరంగా నిలిపిన జూదం ఓడలు కూడా కల్పన కాదు. చట్టం చేతికి అందకుండా సముద్రంలో నిజంగానే లంగరేసి ఉండేవి, శాంటా మోనికా నుంచి పడవల్లో జనాన్ని చేరవేసేవారు. హామెట్ కాలానికైతే 1920 నుంచి 1933 దాకా దేశమంతా మద్యనిషేధం. దొంగసారా డబ్బుతో ముఠాలు పోలీసుల్ని కొనేయడం అప్పటి పాఠకుడికి పేపర్లో రోజూ కనబడే వార్త. అతను ఈ నవలల్ని ఊహాలోకంలా చదవలేదు.

ఇక మీ రెండో అభ్యంతరం. ఇది అంత తేలికైనది కాదు, 'ఆ కాలం అలాంటిది' అని దులిపేసుకోవడం నాకు నచ్చదు. ఆ కాలంలో కూడా వేరేలా ఆలోచించినవాళ్లున్నారు. గైగర్ ఇంట్లో ఉండే కుర్రాడి గురించి మార్లో అన్న మాటలు నీచంగా ఉన్నాయి. ఎటునుంచి చూసినా అంతే, సమర్థించే పని పెట్టుకోవద్దు. కానీ ప్రతిచోటా ఒక విషయం గమనించండి: డిటెక్టివ్ చూపు, పుస్తకం చూపు ఒక్కటేనా? కొన్నిచోట్ల ఒక్కటే. కొన్నిచోట్ల కాదు. 'ది బిగ్ స్లీప్'లో జనరల్ స్టెర్న్‌వుడ్ చిన్న కూతురు కార్మెన్, మార్లో గదిలోకి దూరి పడుకున్నప్పుడు అతను ఆమెని వెళ్లగొట్టి, ఆ తర్వాత పక్కబట్టల్ని పిచ్చెత్తినట్టు పీకి పారేస్తాడు. ఎందుకంత కోపం? మార్లో చెప్పడు. నిగ్రహంగల మగాణ్ణని చెప్పుకునేవాడు అక్కడ అదుపు తప్పాడు, రచయిత దాన్ని దాచలేదు. ఫాల్కన్‌లోనూ అంతే. చివరి పేజీలో సెక్రటరీ ఎఫీ స్పేడ్ వైపు ఎలా చూసిందో చూడండి. అంతదాకా వాణ్ణి మెచ్చుకుంటూ వచ్చిన మనకి అక్కడ ఒక చెంపదెబ్బ ఉంది.

దీనికి పూర్తి ఎదురు ఉదాహరణ 'ఫేర్‌వెల్, మై లవ్లీ' మొదలు. నల్లజాతివాళ్లు ఉండే సెంట్రల్ అవెన్యూలో మూస్ మల్లాయ్ అనే తెల్లవాడు ఒక బార్‌లోకి వెళ్లి మేనేజర్‌ని చంపేస్తాడు. కేసు చూడ్డానికి వచ్చిన డిటెక్టివ్ నల్టీ ఏడుపు ఏమిటంటే, చచ్చినవాడు నల్లవాడు, పేపర్లో ఫోటో రాదు, నాలుగు లైన్లు కూడా రావు. పోలీసుల బుద్ధి అంత కచ్చితంగా పట్టిన రచయితని మెచ్చుకోబోతాం. కానీ కొన్ని అధ్యాయాలు గడిచేసరికి పుస్తకం కూడా ఆ మేనేజర్‌ని మర్చిపోతుంది. మల్లాయ్ మీద జాలి పుట్టిస్తుంది, చచ్చినవాడి ఇంట్లో ఎవరున్నారో అడగదు. నల్టీని ఎత్తిచూపిన పెన్నే నల్టీలా ప్రవర్తించింది. ఈ నవల నాకు ఇష్టం, ఈ లోపం తెలిసే ఇష్టం. ఆ పేజీల్లో వాడిన జాతి మాటలు ఇప్పుడు చదవడం కష్టంగానే ఉంటుంది, ముందే తెలిసుంటే మంచిది.

ఈ లోపాలకి బాగా జవాబు చెప్పింది విమర్శకుల కన్నా తర్వాతి రచయితలు. డొరొతీ హ్యూస్ 'ఇన్ ఎ లోన్లీ ప్లేస్' (1947)లో ఆడవాళ్లని చంపే మగాడి పక్కనే మనల్ని నడిపిస్తుంది. వాడి అసలు రంగు పసిగట్టేది ఆ ఆడవాళ్లే. చెస్టర్ హైమ్స్ కుర్రతనంలో దోపిడీ కేసులో జైలుకెళ్లి, అక్కడే రాయడం మొదలుపెట్టిన నల్లజాతి రచయిత. తర్వాత ఫ్రాన్స్ చేరాడు. అక్కడ 'సెరీ నువార్' గ్రంథమాల నడిపే మార్సెల్ దుహమెల్ అడిగితే డిటెక్టివ్ నవలలు రాశాడు. 1957లో వచ్చిన 'ఫర్ లవ్ ఆఫ్ ఇమాబెల్' మరుసటి ఏడు ఫ్రెంచివాళ్ల పెద్ద క్రైమ్ బహుమతి గెలిచింది. పది డాలర్ల నోట్లు పొయ్యిలో పెడితే వంద డాలర్లవుతాయని నమ్మి మోసపోయిన జాక్సన్‌తో ఆ కథ మొదలవుతుంది. నోట్లు రెట్టింపు చేస్తామనే ముఠాల వార్తలు మన పేపర్లలోనూ చూస్తుంటాం కాబట్టి మీకు వెంటనే పట్టుబడుతుంది. వాల్టర్ మోస్లీ 'డెవిల్ ఇన్ ఎ బ్లూ డ్రెస్' (1990)లో 1948 నాటి లాస్ ఏంజెలెస్‌లోకి మళ్లీ వెళ్తాడు, ఈసారి డిటెక్టివ్ నల్లజాతివాడు, ఇంటి అప్పు కట్టాలి కాబట్టి ఈ పనిలోకి దిగుతాడు. సారా పరెట్‌స్కీ, స్యూ గ్రాఫ్టన్ ఇద్దరూ 1982లోనే తమ మహిళా డిటెక్టివ్‌లతో వచ్చారు.

వరస అడిగితే, 'మాల్టీస్ ఫాల్కన్'తో మొదలుపెట్టండి. ప్లాటు గట్టిది, చివర్లో హంతకుడెవరో కూడా తేలుతుంది, కాబట్టి మీ అలవాటుకి ఒక్కసారిగా దెబ్బ తగలదు. తర్వాత 'రెడ్ హార్వెస్ట్'. అప్పుడు మళ్లీ 'ది బిగ్ స్లీప్' తీయండి, ఈసారి అతుకు ఎక్కడుందో మీకు తెలుసు. 'ది లాంగ్ గుడ్‌బై' (1953) చివరికి ఉంచుకోండి. దాంట్లో మార్లో ముసలివాడవుతున్నాడు, ఒంటరితనం ముదిరింది, స్నేహం పేరుతో మోసపోయాడు. ముందు మార్లోని చూసినవాళ్లకే ఆ బరువు తెలుస్తుంది. చాండ్లర్ నవలల్లో అదే గొప్పదని నా అభిప్రాయం, పొడుగెక్కువైందని గొణిగేవాళ్లు ఉన్నారు, వాళ్లు చెప్పేదీ అబద్ధం కాదు.

పజిల్ వదులుకోవడం మీకు ఇష్టం లేకపోతే రాస్ మెక్‌డొనాల్డ్ ఉన్నాడు. మొదట్లో చాండ్లర్‌కి నకలులా రాసి, 'ది గాల్టన్ కేస్' (1959) నుంచి తన దారి పట్టాడు. ఒక తరం దాచిన పాపం తర్వాతి తరం నెత్తిన పడటం ఆయన కథ. 'ది చిల్' (1964) ముగింపు క్రిస్టీ అభిమానులకి కూడా ఊహకి అందదు.

జేమ్స్ కెయిన్ 'ది పోస్ట్‌మన్ ఆల్వేస్ రింగ్స్ ట్వైస్' (1934) రెండు గంటల్లో అయిపోతుంది, కానీ అందులో డిటెక్టివ్ లేడు, హంతకుడే కథ చెబుతాడు. మిక్కీ స్పిలేన్ 'ఐ, ద జ్యూరీ' (1947) అప్పట్లో విపరీతంగా అమ్ముడుపోయింది. నేనైతే ఎవరికీ చెప్పను. హామెట్ భయపడుతూ చూపించిన చంపుడు రుచిని అతను పండగలా చేశాడు. చాండ్లర్ ఆఖరి నవల 'ప్లేబ్యాక్' (1958) కూడా వదిలేయవచ్చు, నీరసంగా ఉంటుంది.

పుస్తకాల కోసం ఎక్కువ ఖర్చు పెట్టక్కర్లేదు. మన దేశంలో కాపీరైట్ రచయిత చనిపోయాక 60 ఏళ్లు. చాండ్లర్ 1959లో, హామెట్ 1961లో పోయారు కాబట్టి ఇద్దరి రచనలూ ఇక్కడ హక్కుల పరిధి దాటేశాయి. తెలుగు చేయాలనుకునేవాళ్లు కూడా ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. చేసేవాళ్లుంటే హామెట్‌తో మొదలుపెట్టమంటాను. ఆయన పొడి వాక్యం తెలుగులో నిలబడుతుంది, చాండ్లర్ ఉపమానాలు సగం దారిలోనే రాలిపోతాయి.